ఓటర్ల జాబితా నుంచి అడంగల్ దాకా: మన ఆడవాళ్ల పేరు ఎక్కడుంది?

(ఏప్రిల్ 1, వీర గున్నమ్మ వర్ధంతి సందర్భంగా సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీడి పిక్కలు ఏరే రోజులు ఇవి. తోటల్లో పని వదులుకుని ఇంతమంది వచ్చారు. కాబట్టి చెప్పాల్సింది సూటిగానే చెప్తాం.

ఏటా ఈ రోజున గున్నమ్మను తలుచుకుంటాం. దండ వేస్తాం, జోహార్లు చెప్తాం, ఇళ్లకు వెళ్తాం. ఈసారి ఇంకొక మాట కూడా కలపాలనుకున్నాం. చట్టసభలకు వెళ్లిన తొలి మహిళల గురించి మాట్లాడాలనుకున్నాం. గున్నమ్మ రోజున ఎమ్మెల్యేల సంగతి ఎందుకని ఎవరికైనా అనిపించొచ్చు. గున్నమ్మ పోరాడింది భూమి, అడవి కోసం. చట్టసభ తలుపు తట్టిన ఆడవాళ్లు పోరాడింది ఓటు కోసం, కుర్చీ కోసం. ఈ రెండూ వేరు వేరు కథలు కావని చెప్పడమే ఈ మాటల ఉద్దేశం. రెండింటి అడుగునా ఒకటే ప్రశ్న ఉంది. ప్రభుత్వం రాసుకునే జాబితాలో ఆడమనిషి పేరు ఉందా, లేదా?

ముందు 1940 సంగతి గుర్తు చేసుకుందాం. ఆ ఏడాది మార్చి చివర్లో ఈ పలాసలోనే అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. దేశం నలుమూలల నుంచి రైతు నాయకులు మన ఊరి స్టేషన్‌లో రైలు దిగారు. అప్పటికి మనకు శ్రీకాకుళం జిల్లా లేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలో చేరింది. పైన మద్రాసు ప్రభుత్వం, కింద మందస, టెక్కలి, తర్లా లాంటి ఎస్టేట్లు. అడవిలో వంటచెరకు తెచ్చుకోవాలన్నా, నాగలికి కర్ర నరుక్కోవాలన్నా జమీందారు మనుషుల అనుమతి కావాలి. ఆ ఆంక్షలను కాదని మందస రైతులు అడవికి బళ్లు కట్టారు. పోలీసులు అరెస్టులకు దిగారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురం దగ్గర జనం అడ్డం నిలబడ్డారు. ఆ జనానికి ముందు నిలబడింది సాసుమాన గున్నమ్మ. కాల్పుల్లో ఆమె, ఆమెతో పాటు మరికొందరు రైతులు ప్రాణాలు వదిలారు.

ఆ రోజున గున్నమ్మ తన గోడు చెప్పుకోవడానికి చట్టసభ ఉందా? మద్రాసులో భవనం ఉంది. అందులో కూర్చోవాల్సిన సభ్యులు మూడేళ్ల క్రితమే, 1937లో, ఎన్నికయ్యారు. కానీ యుద్ధంలోకి మన దేశాన్ని అడగకుండా లాగినందుకు కాంగ్రెస్ మంత్రివర్గం 1939లో రాజీనామా చేసింది. గవర్నరు పాలన నడుస్తోంది. సభ నడవడం లేదు.

సభ నడిచినా, దానికి ఓటేసే హక్కు ఎవరికుంది? 1937 ఎన్నికల్లో అందరికీ ఓటు లేదు. శిస్తు కట్టేవాడికి, పన్ను కట్టేవాడికి, చదువుకున్నవాడికి ఓటు. ఆడవాళ్లకు ఇంకొక మెలిక పెట్టారు. ఆమెకు చదవడం రాయడం రావాలి. లేదా ఆమె పేరున ఆస్తి ఉండాలి. లేదా ఆమె భర్తకు ఇంత ఆస్తి అని లెక్క కట్టినంత ఉండాలి. అంటే భూమి ఉన్నవాడి భార్యకు ఓటు వచ్చింది, ఆ భూమిలో నాట్లు వేసిన ఆడమనిషికి రాలేదు. భూమి లేని, చదువు లేని ఆడదానికి ఆ జాబితాలో చోటే లేదు. భార్య ఓటు కూడా భర్త శిస్తు రసీదు వెనకాలే నడిచింది.

ఇక్కడే మన రెండు కథలూ కలుస్తాయి. ఓటు భూమి నుంచి పుట్టింది. భూమి మగవాడి పేరున ఉంది. కాబట్టి చట్టసభ కూడా చాలాకాలం మగవాళ్ల పేరునే ఉంది.

మరి ఆ తలుపు మొదట ఎవరు తెరిచారు? మద్రాసు రాష్ట్రం ఈ విషయంలో దేశానికి కొంత ముందు నడిచిందని ఒప్పుకోవాలి. 1921లోనే ఇక్కడి శాసనమండలి, ఆడది అయినంత మాత్రాన ఓటు తీసేయకూడదని తీర్మానించింది. ఆస్తి షరతు అలాగే ఉంచింది కనక ఓటు వచ్చింది కొద్దిమందికే. 1926లో ఆడవాళ్లు పోటీ చేయొచ్చన్నారు. ఆ ఏడాది కమలాదేవి చటోపాధ్యాయ మంగళూరు నుంచి నిలబడి, కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. తర్వాత ప్రభుత్వం డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారిని శాసనమండలికి నామినేట్ చేసింది. దేశంలో శాసనమండలిలో కూర్చున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. 1927లో సభ ఆమెను డిప్యూటీ ప్రెసిడెంటుగా ఎన్నుకుంది.

ముత్తులక్ష్మి గారి పేరు చెప్పగానే దేవదాసీ ఆచారానికి వ్యతిరేకంగా చేసిన పోరాటం గుర్తొస్తుంది. అందులో మన రైతులకు సంబంధించిన ముక్క ఒకటుంది. అది పెద్దగా ఎవరూ చెప్పరు. దేవాలయంలో సేవ చేసినందుకు దేవదాసీలకు ఇనాం భూములు ఉండేవి. సేవ ఆపేస్తే భూమి పోతుంది. అంటే ఆ భూమే వాళ్ల కాలికి సంకెల. ముత్తులక్ష్మి గారి చొరవతో 1929లో హిందూ దేవాదాయ చట్టానికి సవరణ వచ్చింది. దాని ప్రకారం ఆ ఇనాం భూములకు సేవతో ఉన్న ముడి తెగింది. గుడి సేవ మానేసినా భూమి ఆమె దగ్గరే ఉంటుంది. ఆచారాన్ని పూర్తిగా నిషేధించే చట్టం రావడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. కానీ మొదటి అడుగు ఏమిటో చూడండి. చట్టసభలో కూర్చున్న మొదటి ఆడమనిషి, ఆడవాళ్ల బతుకు మార్చాలంటే ఎక్కడ చెయ్యి పెట్టాలో ఆలోచించి, భూమి మీద చెయ్యి పెట్టింది. నీతి బోధతో మొదలుపెట్టలేదు. భూమి చేతిలో ఉంటే ఆమె తన దారి తాను చూసుకుంటుందని నమ్మింది. వంద ఏళ్లు కావొస్తోంది. ఆ తెలివి మనకింకా పూర్తిగా ఎక్కలేదు.

1937 నాటికి మద్రాసు శాసనసభలో 215 స్థానాలుంటే, అందులో 8 ఆడవాళ్లకు కేటాయించారు. ఆ సభకు వెళ్లినవారిలో రుక్మిణీ లక్ష్మీపతి గారు ఒకరు. మన తెలుగు ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి భార్య. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చిన మనిషి. ఆమెను డిప్యూటీ స్పీకరుగా ఎన్నుకున్నారు. అదే కాలంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం గారి నాయకత్వంలో జమీందారీ విచారణ సంఘం వేశారు. భూమికి హక్కుదారు జమీందారు కాదు, దున్నే రైతేనని ఆ సంఘం 1938లో తేల్చింది. 1946లో ప్రకాశం గారు ప్రధాని అయ్యాక రుక్మిణి గారు ఆరోగ్య మంత్రి అయ్యారు. మద్రాసు ప్రెసిడెన్సీలో మంత్రి అయిన మహిళ ఆమె ఒక్కరే. ఆ 1946 సభలోనే అమ్మన్నరాజా గారు డిప్యూటీ స్పీకరుగా పనిచేశారు.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారీలు పోయాయి, రైత్వారీ వచ్చింది. సర్వేలు జరిగాయి, పట్టాలు ఇచ్చారు. మన తాతలు చేతిలోకి తీసుకున్న ఆ కాగితాలు ఇప్పటికీ కొందరి ఇళ్లల్లో రేకు పెట్టెల్లో ఉన్నాయి. గున్నమ్మ రక్తం ఆ కాగితాల మీద ఉందని మనం సభల్లో చెప్తుంటాం. అది నిజమే. కానీ ఆ కాగితాల మీద ఎవరి పేర్లు రాశారు? చదివి చూడండి. తండ్రి పేరు, కొడుకు పేరు. భర్త లేకపోతే, ఎదిగిన కొడుకు లేకపోతే, అప్పుడెక్కడో ఒక ఆడమనిషి పేరు. జమీందారు చేతిలోంచి భూమి రైతు చేతికి వచ్చింది. రైతు అంటే మగవాడనే లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక స్వతంత్ర భారతంలో మొదటి ఎన్నికలు. 1951 చివర్లో మొదలై 1952లో ముగిశాయి. ఆస్తి లేదు, చదువు లేదు, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు. ప్రపంచంలో చాలా దేశాలు దశలు దశలుగా ఇచ్చినదాన్ని మనం ఒక్కసారే ఇచ్చాం. అది చిన్న విషయం కాదు. కానీ జాబితా రాయడానికి ఇంటింటికీ వెళ్లినప్పుడు ఒక వింత జరిగింది. దేశంలో చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్యను అన్నారు, ఫలానావాడి కూతురిని అన్నారు. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదన్న ఆచారం. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒక కఠినమైన నిర్ణయం తీసుకున్నారు. పేరు చెప్పనివాళ్లను జాబితాలోంచి తీసేయమన్నారు. దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల ఓట్లు అలా పోయాయి. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల వాళ్లు. ఆ నిర్ణయం మీద గొడవ జరిగింది. కానీ తర్వాతి ఎన్నికల నాటికి పేర్లు రాయించుకున్నారు. ఓటు కావాలంటే పేరు చెప్పాలి అని ఇంటింటికీ తెలిసింది.

అప్పుడు వాళ్లు చెప్పిన జవాబును మనసులో పెట్టుకోండి. 'ఫలానావాడి భార్యను.' దీని దగ్గరకు మళ్లీ వస్తాం.

ఆ తొలి ఎన్నికల్లోనే మన తెలుగు నేల మీద ఒక రైతు ఉద్యమకారిణి గెలిచింది. హైదరాబాదు రాష్ట్రంలో ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గారు. నిజాం మీద, దొరల మీద జరిగిన తెలంగాణ సాయుధ పోరాటంలో భర్త రామచంద్రారెడ్డి గారితో పాటు పాల్గొన్నారు. అజ్ఞాతంలో తిరిగారు, జైలుకు వెళ్లారు. 1952లో, 1957లో, 1962లో వరసగా మూడుసార్లు అదే ఆలేరు ప్రజలు ఆమెను గెలిపించారు. ఆ మొదటి సభలోనే సంగం లక్ష్మీబాయి గారు ఉన్నారు. తర్వాత ఆమె ఉప మంత్రి అయ్యారు. 1957లో వచ్చిన టి.ఎన్. సదాలక్ష్మి గారు దళిత కుటుంబంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరై, మంత్రి అయ్యారు. పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం గారు 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచారు.

ఈ పేర్లు గొప్పకోసం చదవడం లేదు. ఇందులో ఒక తేడా గమనించమంటున్నాం. కమలాదేవి గారినీ, స్వరాజ్యం గారినీ సభకు పంపింది ఉద్యమం. వాళ్లు ఎవరికి జవాబుదారీయో వాళ్లకు తెలుసు. ఊరి మనుషులు వాళ్ల దగ్గరకు వెళ్లి, 'అమ్మా, మా భూమి సంగతి ఏమైంది?' అని అడగగలిగారు. గున్నమ్మ బతికి ఉంటే, 1952లో మందస రైతులు ఆమెను ఎక్కడికి పంపేవాళ్లు? ఈ ప్రశ్న మీకే వదిలేస్తున్నాం.

మన జిల్లా సంగతికి వద్దాం. ఎచ్చెర్ల నుంచి 1983లో తొలిసారి గెలిచిన ప్రతిభా భారతి గారు మంత్రి అయ్యారు. 1999లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకరు అయ్యారు. మన శ్రీకాకుళం ఆడబిడ్డ ఆ కుర్చీలో కూర్చోవడం మనందరికీ గర్వం. టెక్కలిలో 1985లో వరద సరోజ గారు గెలిచారు. 2009లో కొర్ల రేవతీపతి గారు గెలిచిన కొద్దిరోజులకే చనిపోతే, ఆ ఉప ఎన్నికలో ఆయన భార్య భారతి గారు గెలిచారు. అదే ఏడాది టెక్కలి ప్రాంతం నుంచి వచ్చిన కిల్లి కృపారాణి గారు శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు వెళ్లి, తర్వాత కేంద్రంలో మంత్రి అయ్యారు. పలాస నియోజకవర్గం 2009 ఎన్నికల నాటికి ఏర్పడింది. 2024లో గౌతు శిరీష గారు గెలిచి ఇక్కడ తొలి మహిళా ఎమ్మెల్యే అయ్యారు. వీళ్లు ఏ పార్టీ వాళ్లన్నది ఇక్కడ మన ప్రశ్న కాదు. మన సంఘంలో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు.

తేదీలు మాత్రం చూడండి. తొలి ఎన్నికలు 1952. టెక్కలిలో ఒక ఆడమనిషి గెలవడానికి 1985 రావాల్సి వచ్చింది. ముప్పై మూడేళ్లు. ఈ ముప్పై మూడేళ్లలో ఈ ప్రాంతంలో పోరాటాలకు ఆడవాళ్లు రాలేదా? వచ్చారు. ఆ తర్వాతా వచ్చారు. 2010 జూలై 14న సోంపేట బీల భూముల కోసం జరిగిన పోరాటంలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, థర్మల్ ప్లాంట్లు వద్దని నిలబడ్డ జనంలో ముందు వరసలో ఎవరున్నారో మనం కళ్లారా చూశాం. లాఠీ దెబ్బలు తినడానికి ముందు వరస మనవాళ్లది. టికెట్టు ఇచ్చేటప్పుడు, కమిటీ రాసేటప్పుడు వాళ్లు వెనక వరసకు పోతారు.

ఇప్పుడు చట్టం కొంత మారింది. 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు ఆడవాళ్లకు వచ్చాయి. మన రాష్ట్రం తర్వాత దాన్ని సగం చేసింది. 2023లో 106వ సవరణ అసెంబ్లీల్లో, లోక్‌సభలో మూడో వంతు ఇస్తానంది. జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అది అమలవుతుందని ఆ చట్టంలోనే రాశారు. అది వచ్చినప్పుడు మన 175 స్థానాల్లో 58కి పైగా ఆడవాళ్లవి అవుతాయి. అందులో మన టెక్కలి ఉండొచ్చు, పలాస ఉండొచ్చు, ఇచ్ఛాపురం ఉండొచ్చు. అప్పుడు నిలబెట్టడానికి మన దగ్గర ఎవరున్నారు? ఎవరి భార్య, ఎవరి కూతురు అని వెతుక్కుంటామా? లేక తన పేరుతో తాను ఊరికి తెలిసిన మనిషి ఉంటుందా?

పంచాయతీల్లో మన అనుభవం ఏం చెప్తోంది? సర్పంచ్ ఎవరంటే ఆమె పేరు చెప్తాం. ఫోను మాత్రం ఆయనకు చేస్తాం. మండల సమావేశంలో ఆమె కుర్చీ పక్కన ఆయన కుర్చీ వేస్తాం. 1951లో పేరు చెప్పని ఆడవాళ్లను చూసి అయ్యో అనుకున్నాం కదా. ఇప్పుడు వాళ్లు పేరు చెప్తున్నారు, మనమే వినడం లేదు. సొంతంగా పంచాయతీ నడుపుతున్న ఆడవాళ్లు మన మండలాల్లో ఉన్నారు. వాళ్లకు దండం. కానీ వాళ్లు గట్టివాళ్లు కాబట్టి నడుపుతున్నారు. వ్యవస్థ వాళ్లకు సాయం చేసి కాదు.

ఇక ఉద్దానం తోటల్లోకి వద్దాం. జీడి తోటలో పిక్కలు ఏరేది ఎవరు? ఎండబెట్టేది ఎవరు? కొబ్బరి మొక్కకు కుండతో నీళ్లు మోసేది ఎవరు? పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో కూర్చుని, జీడి నూనెకు వేళ్లు కాలుతున్నా పప్పు ఒలిచేది, గ్రేడు తీసేది ఎవరు? మనందరికీ తెలుసు. ఇప్పుడు అడంగల్ తీయండి. పట్టాదారు కాలమ్‌లో ఎవరు? అనుభవదారు కాలమ్‌లో ఎవరు? ఈ-పంట నమోదులో ఎవరు? 80 కిలోల బస్తా అమ్మినప్పుడు చీటీ ఎవరి పేరున రాస్తారు? పని కాలమ్ అంటూ ఒకటి ఉంటే అందులో ఆమె పేరు మొదట ఉండేది. కానీ అడంగల్‌లో ఆ కాలమ్ లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. పాతికేళ్లు, ముప్పై ఏళ్లు పెంచిన కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. పరిహారం జాబితాలు రాశారు. ఆ జాబితాల దగ్గర మనం రోజుల తరబడి నిలబడ్డాం. పట్టా ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ల ఖాతాకు. కౌలుకు చేసినవాళ్లు, ఒంటరిగా తోట చూసుకుంటున్న ఆడవాళ్లు, భర్త వలస వెళ్లిన ఇళ్ల వాళ్లు ఎంత తిరిగారో మనకు తెలుసు. ఆ రోజు ఎవరి పేరు ఎక్కడ రాసి ఉందన్నది చిన్న సంగతి కాదని తెలిసొచ్చింది.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పడం బాధే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమంది ఇంటి పెద్దలను తీసుకెళ్లిందో లెక్క చెప్పక్కర్లేదు. ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఇళ్లలో ఆ కథ ఉంది. పలాసలో ఇప్పుడు కిడ్నీ ఆసుపత్రి ఉంది, హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకం వచ్చింది, మంచిదే. కానీ ఇంటి పెద్ద డయాలసిస్ మీద ఉన్నప్పుడు తోట ఎవరు చూస్తారు? భార్య. ఆయన పోయాక ఆ భూమి తన పేరుకు మార్చుకోవడానికి ఎవరు తిరుగుతారు? ఆ భార్యే. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీసేవలో దరఖాస్తు, వీఆర్వో దగ్గర, తహసీల్దారు ఆఫీసులో. ఈ లోపల పంట రుణం రాదు, బీమా రాదు. ఇరవై ఏళ్లు ఆ తోటలో పనిచేసిన మనిషి, ఆ తోట తనదని రుజువు చేసుకోవడానికి కాగితాలు పట్టుకుని నిలబడాలి. అక్కడ గుమాస్తా అడుగుతాడు, 'నువ్వెవరమ్మా?' ఆమె చెప్తుంది, 'ఫలానావారి భార్యనండి.' 1951లో చెప్పిన మాటే. మళ్లీ అక్కడికే వచ్చాం.

చట్టం ఈ విషయంలో మనకు అడ్డం లేదు. 1985లోనే మన ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, కూతురికి కొడుకుతో సమానంగా పిత్రార్జితంలో హక్కు ఇచ్చింది. కేంద్రం ఆ మాట దేశమంతటికీ అనడానికి 2005 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు ముందున్నాం. కాగితం మీద ముందున్నాం. ఊళ్లో మాత్రం, పెళ్లిలో పెట్టిన బంగారంతో సరిపెట్టి, అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఆడపిల్లతో వదులుకున్నట్టు సంతకం పెట్టించుకోవడం ఇంకా మామూలు సంగతే. ఆ సంతకం పెట్టించినవాళ్లలో మనమూ ఉన్నాం. పైవాళ్లను అన్నంత సులువుగా మనల్ని మనం అనుకోలేం. కానీ అనుకోవాలి.

అందుకే చివరి ప్రశ్న ప్రభుత్వానికి కాదు, మనకు. మన సంఘం సభ్యత్వ పుస్తకం తెరుద్దాం. ఇంటికొక సభ్యత్వం రాశాం. ఇంటి పెద్ద పేరు రాశాం. ధర్నాకు రమ్మన్నప్పుడు ఇంట్లో ఇద్దరూ వచ్చారు, రసీదు ఒకరికే కోశాం. 1937లో తెల్లవాడు ఓటర్ల జాబితా ఎలా రాశాడో, మనం సభ్యత్వ పుస్తకం అలాగే రాశాం. భర్త భూమి వెనకాల భార్య.

ఇది దిద్దుకోవడానికి నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాం. మీరు చర్చించండి, ఒప్పుకుంటే తీర్మానం చేద్దాం.

మొదటిది, వచ్చే సభ్యత్వ కార్యక్రమంలో భార్యకూ భర్తకూ విడివిడిగా సభ్యత్వం. రసీదు మీద ఆమె పేరు, ఆమె సంతకం లేదా వేలిముద్ర. గ్రామ కమిటీలో, మండల కమిటీలో మూడో వంతు ఆడవాళ్లు. చట్టసభలో అడిగేది ముందు మన దగ్గర ఇచ్చి చూపిద్దాం.

రెండోది, ఈ-పంట నమోదు జరిగేటప్పుడు ప్రతి గ్రామంలో మన కార్యకర్త దగ్గరుండి, నిజంగా సాగు చేస్తున్న ఆడమనిషి పేరు రాయించాలి. కౌలుకు చేస్తున్న ఆడవాళ్లకు పంట సాగుదారు హక్కు కార్డు ఇప్పించాలి. 2019 చట్టంలో యజమాని సంతకం కావాలన్న నిబంధన వల్ల కార్డు రావడం కష్టమవుతోంది. ఆ సంతకం కోసం వాళ్లను ఒంటరిగా పంపకుండా సంఘం వెంట వెళ్లాలి. ఆ నిబంధన మార్చమని పోరాడాలి.

మూడోది, ఇంటి పెద్ద చనిపోయిన ఇళ్ల జాబితా గ్రామాల వారీగా మనమే రాసి, భార్య పేరున మ్యుటేషన్ అయ్యేదాకా ఒక కార్యకర్త బాధ్యత తీసుకోవాలి. ఇది ధర్నా కన్నా కష్టమైన పని. పేపర్లో ఫోటో రాదు. అయినా చేయాలి.

నాలుగోది, వీలున్నచోట బతికుండగానే భూమిలో భార్య పేరు చేర్పించడం. ఇందులో ఇబ్బందులున్నాయి, దాచడం లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చుంది. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 గడువు పెట్టారు. మరణం వల్ల వచ్చిన వారసత్వం తప్ప, ఆ తేదీ తర్వాత పేరు మారిన భూమికి లబ్ధి రావడం ఇబ్బంది. కాబట్టి తొందరపడి మార్చుకోమని చెప్పడం లేదు. భార్యాభర్తల మధ్య జరిగే మార్పుకు ఆ నిబంధన వర్తించకూడదని, రిజిస్ట్రేషన్ రుసుము ఉండకూడదని మనం అడగాలి.

ఒక మాట ఎలాగూ వస్తుంది, మనమే చెప్పుకుందాం. 'ఒకే ఇల్లు, ఒకే కుండ, ఎవరి పేరున ఉంటే ఏంటి?' అని కొందరు అంటారు. ఎవరి పేరున ఉన్నా ఒకటే అయితే, ఆమె పేరున ఉండనివ్వండి. అభ్యంతరం ఏముంది? అక్కడ మనసు తటపటాయిస్తే, ఒకటే కాదని మనకూ తెలుసన్నమాట.

ముత్తులక్ష్మి గారు 1929లో ఇనాం భూమికి ఉన్న సంకెల తెంపారు. రుక్మిణి గారు మంత్రి కుర్చీలో కూర్చున్నారు. కమలాదేవి గారిని పోరాడిన రైతులే సభకు పంపారు. వాళ్లందరికీ చట్టసభ తలుపు తెరుచుకుంది. గున్నమ్మకు తెరుచుకోలేదు. ఆమె పేరు ఏ ఓటర్ల జాబితా వల్లా కాక, ఊరి జనం నోటి వల్ల నిలబడింది. ఎనభై ఏళ్లు దాటినా ఆమెను ఫలానావాడి భార్య అని ఎవరూ అనరు. గున్నమ్మ అంటాం.

ఉద్దానంలో ప్రతి ఆడమనిషీ తూటాకు ఎదురు నిలబడితేనే ఆమె పేరు రాస్తామంటే ఎలా? తోటలో పనిచేసినందుకే రాయాలి. రేపటి నుంచి సభ్యత్వ పుస్తకాలు పట్టుకుని ఊళ్లకు వెళ్లండి. ఇంటి ముందు నిలబడి ముందు ఆమెను పిలవండి. 'అమ్మా, నీ పేరు చెప్పు' అని అడగండి. ఆమె భర్త పేరు చెప్తే, 'అది కాదమ్మా, నీ పేరు' అని మళ్లీ అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.

వీర గున్నమ్మకు జోహార్లు. సెలవు.